పలుపు తాడు 32కె: పామ్ యాప్‌ని ముక్కలు చేసిన కథ

(హైదరాబాద్‌లో మొబైల్ డెవలపర్ల ముందు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు కొంచెం ముందుకి రండి, మొదటి రెండు వరసలూ ఖాళీగానే ఉన్నాయి. ఎవర్నీ లేపి ప్రశ్నలు అడగనులెండి.

ఒక్కటే అడుగుతాను. నా చేతిలో ఉన్న ఈ వస్తువేంటో ఎవరైనా చెప్పగలరా? క్యాలిక్యులేటరా? మా అమ్మాయి కూడా అదే అంది. అక్కడెవరో పేజరన్నారు, వాళ్ళకి నా వయసుండి ఉంటుంది. (నవ్వులు) ఇది పామ్ త్రీఎక్స్. 1999లో వచ్చిన హ్యాండ్‌హెల్డ్, అంటే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్. లోపల మోటరోలా వాళ్ళ డ్రాగన్‌బాల్ చిప్, 16 మెగాహెర్ట్జ్. మెమరీ 4 మెగాబైట్లు. పొద్దున్నే మీ ఫ్యామిలీ గ్రూపులో వచ్చే శుభోదయం వీడియో ఇందులో పట్టదు. అదే మాకు మహాభాగ్యం, ఎందుకంటే 1996లో వచ్చిన మొట్టమొదటి పైలట్ 1000లో ఉన్నది 128 కిలోబైట్లే.

రెండు ట్రిపుల్ ఏ బ్యాటరీల మీద వారాల తరబడి నడిచేది. కానీ ఆ బ్యాటరీలు పూర్తిగా చచ్చిపోతే లోపలున్నదంతా పోయేది. డేటా, ప్రోగ్రాములు అన్నీ ర్యామ్‌లోనే ఉంటాయి, డిస్కంటూ వేరే ఏమీ లేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

2001లో నేను అమీర్‌పేటలో ఒక చిన్న కంపెనీలో చేసేవాణ్ణి. ఆరుగురం. కింది అంతస్తులో కోచింగ్ సెంటర్, మైకు పెట్టి జావా చెప్పేవాళ్ళు. ఫీజు కట్టకుండానే నాకు సగం జావా వచ్చేసింది. మా పని మాత్రం సీలో. అమెరికాలో ఒక క్లయింటుకి గోడౌన్లలో సరుకు లెక్కపెట్టే యాప్ రాస్తున్నాం. గోడౌన్ మనిషి పామ్ చేత్తో పట్టుకుని ర్యాకుల మధ్య తిరుగుతాడు, ఏ వస్తువు ఎన్ని ఉన్నాయో కొట్టుకుంటాడు, సాయంత్రం క్రేడిల్‌లో పెట్టి హాట్‌సింక్ బటన్ నొక్కుతాడు. డేటా పీసీకి చేరుతుంది. అంతే యాప్.

మొదటి వెర్షన్ కోడ్ 24 కిలోబైట్లు. మేం చాలా గర్వపడ్డాం. తర్వాత క్లయింటు దగ్గర్నుంచి ఒక్కో ఈమెయిలూ వచ్చేది. రిటర్న్ వచ్చిన సరుకు వేరే స్క్రీన్‌లో కావాలి. రిపోర్టు కావాలి. సాయంత్రం ఆరింటికి హాట్‌సింక్ చేయమని గుర్తు చేసే అలారం కావాలి. మన ఇళ్ళు చూడండి, ఇద్దరి కోసం కట్టిన రెండు గదుల ఇంటికి ముందొక రేకుల షెడ్డు, వెనకొక వంటగది, పైనొక గది. అలా పెరిగింది. ఏడాది తిరిగేసరికి 40 కిలోబైట్లు దాటింది. ఒక మధ్యాహ్నం భోంచేసొచ్చి బిల్డ్ కొడితే, కంపైలైన ఫైళ్ళన్నిటినీ అతికి ఒక్క ప్రోగ్రామ్ చేసే లింకర్ ఇలా అంది: "రీలొకేషన్ ట్రంకేటెడ్ టు ఫిట్". కింద మా ఫంక్షన్ల పేర్లు ఓ డజను.

కోడ్‌లో తప్పు లేదు. నిన్నటిదాకా కంపైలైన ఫంక్షన్లే అవన్నీ. వాటిని ఎవరూ ముట్టుకోలేదు కూడా. ఇంకెక్కడో, వేరే ఫైల్లో, ఒక కొత్త స్క్రీన్ కలిపాం, అంతే. వీటికి జబ్బు చేసింది.

ఎందుకో చెప్తాను. బోర్డు మీద బొమ్మ అక్కర్లేదు, ఆవుని తలుచుకుంటే చాలు. గుంజకి కట్టిన ఆవు పలుపు తాడు ఎంత పొడవుంటే అంత దూరం మేస్తుంది. మన డ్రాగన్‌బాల్ మోటరోలా 68000 కుటుంబం చిప్పే. అందులో ఒక ఫంక్షన్ ఇంకో ఫంక్షన్‌ని పిలిచేటప్పుడు "నేనున్న చోటి నుంచి ఇంత దూరం ముందుకి, లేదా ఇంత వెనక్కి" అని చెప్తుంది. ఆ దూరం రాసుకోవడానికి ఇన్‌స్ట్రక్షన్‌లో ఉన్న చోటు 16 బిట్లు. అందులో ఒక బిట్ ముందుకో వెనక్కో చెప్పడానికే పోతుంది. మిగిలేది వెనక్కి 32,768 బైట్లు, ముందుకి 32,767. అదీ పలుపు పొడవు. మన కోడ్ 30 కిలోబైట్లున్నంత కాలం ఏ మూల నుంచి ఏ మూలకైనా తాడు అందుతుంది. 40 అయ్యేసరికి మొదట్లో ఉన్న ఫంక్షన్‌కి చివర్లో ఉన్నది అందదు. మధ్యలో మీరు ఏదో కలిపితే, అటూ ఇటూ ఉన్న పాతవాళ్ళిద్దరూ దూరమైపోతారు. కొత్త కోడలొచ్చాక అన్నదమ్ములు దూరమయ్యారంటారే, అలాగ. పాపం ఆ కోడలి తప్పేం ఉండదు, ఇల్లే చిన్నది. (నవ్వులు)

"మరి అసలు చిరునామాకే దూకొచ్చుగా, దూరం లెక్క ఎందుకు?" అని మీలో ఎవరో అడగబోతున్నారు. 68000కి ఆ ఇన్‌స్ట్రక్షన్ ఉంది. పామ్‌లో పనికిరాదు. ఎందుకంటే పామ్‌లో ప్రోగ్రామ్‌ని ఎక్కడికో కాపీ చేసి నడపరు. నిల్వ ఉన్న చోటే, ఉన్నది ఉన్నట్టు నడుస్తుంది. ఆ చోటు రేపు మారొచ్చు. సిస్టమ్ మెమరీ సర్దుకున్నప్పుడు జరిపేస్తుంది, లేదా మీరు ఇన్‌ఫ్రారెడ్‌తో పక్కవాడి పామ్‌కి బీమ్ చేస్తే అక్కడ ఇంకో చిరునామాలో కూర్చుంటుంది. సరైన చిరునామాలు దిద్దుకుందామా అంటే నిల్వ మెమరీ రాతకి తాళం వేసి ఉంటుంది. కాబట్టి ఎక్కడ పెట్టినా నడిచే కోడ్ కావాలి, అంటే దూరాల లెక్కే గతి.

మేం మొదట చేసింది అందరూ చేసేదే. ఫైళ్ళ వరస మార్చాం. లింకర్‌కి ఇచ్చే జాబితాలో ఒకర్నొకరు ఎక్కువగా పిలుచుకునేవాళ్ళని పక్కపక్కన పెట్టాం, అందరూ పిలిచే చిన్న ఫంక్షన్లని మధ్యలో కూర్చోబెట్టాం. డజను ఎర్రర్లు మూడయ్యాయి. ఆ మూడింటికి దీవులు కట్టాం. కోడ్ ఐలాండ్ అనేవాళ్ళు. మా ఊరు కోనసీమ. నేరుగా బస్సు దొరకనప్పుడు హైవే మీద రావులపాలెంలో దిగి, అక్కడ్నుంచి ఇంకో బస్సెక్కి లోపలికి వెళ్ళేవాళ్ళం. ఇదీ అంతే. మొదట్లో ఉన్నవాడు చివర్లో ఉన్నవాణ్ణి నేరుగా పిలవలేడు కాబట్టి, మధ్యలో ఒక చిన్న ఫంక్షన్ రాస్తాం. దానికి ఒకే పని, చివర్లో ఉన్నవాణ్ణి పిలవడం. మొదటివాడు దీన్ని పిలుస్తాడు. పని జరిగిపోతుంది.

కోడ్‌వారియర్ అనే కంపైలర్ వాడేవాళ్ళకి ఇంకో దారి ఉండేది. స్మాల్, స్మార్ట్, లార్జ్ అని కోడ్ మోడళ్ళు. లార్జ్ పెడితే దూరాన్ని 32 బిట్లలో రాసి దూకుతుంది, కానీ ఒక ఇన్‌స్ట్రక్షన్ చేసే పనికి రెండు మూడు పడతాయి, కోడ్ ఇంకా లావెక్కుతుంది. మా దగ్గర కోడ్‌వారియర్ కొనేంత డబ్బుల్లేవు. ఉచితంగా దొరికే పీఆర్‌సీ టూల్స్ వాడేవాళ్ళం, లోపల ఉన్నది జీసీసీ కంపైలరే. ఏది వాడినా అసలు గోడ ముందుంది. పామ్‌లో కోడ్ కూడా డేటాబేస్‌లో ఒక రిసోర్సే, ఒక రిసోర్సు 64 కిలోబైట్లకి మించడానికి వీల్లేదు. దీవులు కట్టుకుంటూ 60 దాకా లాక్కొచ్చాం. అక్కడ ఆగిపోయాం.

మా టీమ్ లీడ్‌ని మేం అన్నా అనే పిలిచేవాళ్ళం. ఆయన బిల్డ్ సైజు చూసి, కుర్చీ వెనక్కి వాల్చి, "ఇంక వాటాలు వేయాల్సిందేరా" అన్నాడు.

ఇక్కడ ఒక అపోహ పోగొట్టాలి. కోడ్‌ని సెగ్మెంట్లుగా, అంటే వేర్వేరు రిసోర్సులుగా విడగొడితే మెమరీ మిగులుతుందని చాలామంది అనుకునేవాళ్ళు, మేం కూడా. అది మెకింటాష్ నుంచి వచ్చిన ఆలోచన. 1984లో వచ్చిన మొదటి మ్యాక్‌లో ఉన్నదీ 68000 చిప్పే, అక్కడ కూడా అప్లికేషన్ కోడ్‌ని ముక్కలుగా రిసోర్సుల్లో పెట్టేవాళ్ళు. 128 కిలోబైట్ల యంత్రం కాబట్టి పిలిచినప్పుడు ఫ్లాపీ నుంచి ముక్కని తెచ్చుకోవడం, పనయ్యాక వదిలేయడం అక్కడ అవసరం. పామ్‌లో కోడ్ ఎలాగూ ఉన్నచోటే నడుస్తుంది కదా, తెచ్చేదేముంది, వదిలేదేముంది? యాప్ తెరిచినప్పుడే అన్ని సెగ్మెంట్లూ తెరుచుకుంటాయి, మూసేదాకా అలాగే ఉంటాయి. పొదుపు లేదు. పలుపు తాడు అందడం లేదని మాత్రమే విడగొడుతున్నాం. ఈ తేడా తెలియక మేం మొదటి రెండు రోజులు "ఏ స్క్రీన్ అరుదుగా వాడతారు, దాన్ని బయటపెడదాం" అని లెక్కలేసుకుంటూ కూర్చున్నాం. వృథా.

పని ఎలా చేస్తారంటే, పీఆర్‌సీ టూల్స్‌లో ప్రతి ఫంక్షన్ డిక్లరేషన్ పక్కన అది ఏ సెక్షన్‌కి చెందుతుందో గుర్తు పెట్టాలి. యాప్ వివరాలు రాసే డెఫ్ ఫైల్లో "మల్టిపుల్ కోడ్" అని రాసి ఆ సెక్షన్ల పేర్లు ఇవ్వాలి. గుర్తు లేనివన్నీ మొదటి సెగ్మెంట్‌లో పడతాయి. హెడర్‌లో కనబడే ఫంక్షన్లన్నిటికీ బుద్ధిగా గుర్తులు పెట్టాం. ఫైలు లోపల దాక్కుని ఉండే స్టాటిక్ ఫంక్షన్లని మర్చిపోయాం. బిల్డ్ చేస్తే రెండో సెగ్మెంట్ చిక్కిపోయి ఉంది, మొదటిది ఏమీ తగ్గలేదు. ఇంటివాళ్ళంతా కొత్త వాటాలోకి వెళ్ళారు, సామాను పాత ఇంట్లోనే ఉంది.

ఎవరు ఎటు అన్నది పెద్ద పంచాయితీ. మొదట ఎవరు రాసిన కోడ్ వారికి ఒక సెగ్మెంట్ అనుకున్నాం. నవ్వకండి, ఇవాళ మైక్రోసర్వీసులు మీరు విడగొట్టేది కూడా చాలాసార్లు అలాగే. టీమ్‌కొకటి. అది కుదర్లేదు. నేను రాసిన లిస్టు స్క్రీన్, ఇంకొకతను రాసిన ఐటెమ్ వెతికే ఫంక్షన్‌ని ప్రతి వరసకీ పిలుస్తుంది. అవి రెండూ చెరో వాటాలో ఉంటే రోజంతా గోడ దూకడమే. చివరికి డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ మీద, ఆ చివర్లు చిల్లులున్న కాగితం మీద, ఫంక్షన్ల పేర్లన్నీ ప్రింటు తీసి నేల మీద పరిచాం. ఎవరు ఎవర్ని పిలుస్తారో ఎర్ర పెన్నుతో గీతలు. ఎక్కడ గీతలు పల్చగా ఉన్నాయో అక్కడ కత్తెర. స్టాక్ లెక్క ఒక వాటా, రిటర్నులూ రిపోర్టులూ కలిపి ఇంకొకటి, అందరికీ కావాల్సినవి మొదటి దాంట్లో. ఒక్కో సెగ్మెంట్‌ని 32కె లోపే ఉంచాం, మళ్ళీ ఆ పలుపు గొడవ ఉండకుండా.

ఆ రిపోర్టుల ఫైళ్ళతో పాటు తేదీల లెక్కల ఫైలు కూడా అటే వెళ్ళింది. రిపోర్టులే కదా తేదీలు ఎక్కువ వాడేది. గీతలు కూడా అదే చెప్పాయి. ఆ ఒక్క ఫైలే మా కొంప ముంచింది.

దానికి ముందు గోడ ఎలా దూకుతారో చెప్పాలి. ఒక సెగ్మెంట్‌కి ఇంకోటి ఎక్కడుందో ముందుగా తెలీదు, రెండూ వేర్వేరు రిసోర్సులు. అందుకని యాప్ తెరుచుకోగానే, మన మెయిన్ కంటే ముందు నడిచే స్టార్టప్ కోడ్ మిగతా సెగ్మెంట్లని తెరిచి, వాటి చిరునామాలు మన గ్లోబల్ వేరియబుల్స్ ఉన్న చోట రాసిపెడుతుంది. ఆ చోటిని ఏ5 అనే రిజిస్టర్ చూపిస్తుంది. అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ అనుకోండి. 302లో ఎవరున్నారో మీకు తెలియక్కర్లేదు, వాచ్‌మన్‌ని అడిగితే చూపిస్తాడు. ఏ5 మన వాచ్‌మన్.

ఇప్పుడు అసలు విషయం. పామ్‌లో యాప్‌ని పిలిచేది యూజర్ ఒక్కడే కాదు. యూజర్ ఇంకెక్కడో ఫైండ్ నొక్కితే, సిస్టమ్ ప్రతి యాప్‌నీ లేపి "నీ దగ్గర ఈ పదం ఉందా" అని అడుగుతుంది. అలారం టైమైతే లేపుతుంది. యంత్రం రీసెట్ అయితే అందర్నీ ఒక్కొక్కర్నీ లేపి "రీసెట్ అయింది, ఏమైనా సర్దుకునేది ఉంటే సర్దుకో" అంటుంది. అన్నీ ఒకే తలుపు, పైలట్‌మెయిన్. ఎందుకు లేపారో ఒక లాంచ్ కోడ్ చెప్తుంది. కానీ ఇలా అర్ధరాత్రి లేపినప్పుడు మనకి గ్లోబల్స్ ఇవ్వరు. అప్పటికి నడుస్తున్న యాప్ గ్లోబల్స్ చెడగొట్టకూడదు, మనకి కొత్తగా ఇవ్వడానికి చోటూ ఎక్కువ లేదు, యాప్‌లన్నిటికీ సిస్టమ్‌కీ కలిపి పని చేసుకునే మెమరీ ఓ వంద కిలోబైట్ల చుట్టూ ఉండేది. కాబట్టి స్టార్టప్ కోడ్ చిరునామాల జాబితా రాయదు. మన వాచ్‌మన్ ఇంకా డ్యూటీకి రాలేదన్నమాట. ఏ5 ఇంకెవరి వాచ్‌మన్‌నో చూపిస్తూ ఉంటుంది. మీరు వెళ్ళి "302 ఎక్కడ" అంటే అతను కాదనడు. వాళ్ళ 302 చూపిస్తాడు. మనం చెప్పులు విప్పుకుని దర్జాగా వెళ్ళి ఎవరి పడగ్గదిలోనో నిలబడతాం. (నవ్వులు)

మా అలారం కథ ఇది. పామ్ రీసెట్ అయితే పెట్టుకున్న అలారాలు పోతాయి. అందుకని రీసెట్ లాంచ్ కోడ్ వచ్చినప్పుడు మళ్ళీ పెట్టుకోవాలి. మా కోడ్ అదే చేస్తుంది. మళ్ళీ పెట్టాలంటే రాబోయే సాయంత్రం ఆరు గంటలు 1904 జనవరి 1 నుంచి ఎన్నో సెకనో లెక్క కట్టాలి. అవును, 1904. పామ్ కాలం అక్కడ్నుంచే మొదలవుతుంది, మ్యాక్‌లో లాగే. ఆ లెక్క కట్టే ఫంక్షన్ తేదీల ఫైల్లో ఉంది. తేదీల ఫైలు మూడో సెగ్మెంట్‌కి కాపురం వెళ్ళింది.

టెస్టింగ్‌లో ఏమీ కనబడలేదు. యాప్ తెరిచి అలారం పెడితే బ్రహ్మాండంగా పనిచేస్తుంది, వాచ్‌మన్ డ్యూటీలో ఉన్నాడు కదా. రిలీజ్ పంపేశాం.

వారం తర్వాత రాత్రి పదకొండున్నర. ఒహాయోలో మధ్యాహ్నం ఒంటిగంట. మావాడొకడు ఆన్‌సైట్‌లో ఉన్నాడు, వాడి ఫోన్. "ఒరేయ్, ఇక్కడ పామ్‌లు పిచ్చెక్కినట్టు చేస్తున్నాయిరా." ఏం చేస్తున్నాయి అంటే, "తెర వెలుగుతోంది, ఆరిపోతోంది, మళ్ళీ వెలుగుతోంది. నాలుగు ముందే అలా అయ్యాయి. ఇందాక ఇంకోటి కిందపడి రీసెట్ అయింది, అదీ ఇప్పుడు అంతే."

రీసెట్ అయింది. సిస్టమ్ అందర్నీ లేపింది. మమ్మల్నీ లేపింది. మేం లేచి, లేని వాచ్‌మన్‌ని అడిగి, ఎటో దూకి, యంత్రాన్ని పడగొట్టాం. పడింది కాబట్టి మళ్ళీ రీసెట్ అయింది. మళ్ళీ అందర్నీ లేపింది. అలా తిరుగుతూనే ఉంది. దాన్ని ఆపాలంటే బ్యాటరీలు తీసేయడం ఒక దారి. తీస్తే లెక్కలన్నీ పోతాయి. హార్డ్ రీసెట్ ఇంకో దారి. అందులోనూ పోతాయి. ఆ అయిదింటిలో ఆ ఉదయం నుంచి లెక్కపెట్టిన సరుకుంది.

మాకు తెలిసిన ఒకే ఒక్క తాళంచెవి ఇది. చూడండి, వెనక ఇక్కడో చిన్న రంధ్రం. దీంట్లో పేపర్ క్లిప్ విప్పి గుచ్చితే రీసెట్. గుచ్చేటప్పుడు ముందు వైపున్న ఈ పైకి స్క్రోల్ చేసే బటన్‌ని నొక్కిపట్టుకుంటే, సిస్టమ్ రీసెట్ అవుతుంది కానీ యాప్‌లని లేపదు. ఫోన్‌లో చెప్తున్నాను, "పై బటన్ నొక్కిపట్టు. పట్టావా? ఇప్పుడు గుచ్చు. వదలకు. తెర పూర్తిగా వచ్చేదాకా వదలకు." అటు నిశ్శబ్దం. తర్వాత "వచ్చిందిరా!" అని వాడి కేక. వెంటనే "డిలీట్ కొట్టేస్తున్నా మన యాప్‌ని" అన్నాడు.

"ఆగు!" అని ఎంత గట్టిగా అరిచానంటే పక్క గదిలో పడుకున్న మా నాన్నగారు లేచారు. పామ్‌లో యాప్‌ని డిలీట్ చేస్తే దాని గుర్తు, అంటే క్రియేటర్ ఐడీతో ఉన్న డేటాబేసులన్నీ దాంతో పాటే పోతాయి. ముందు హాట్‌సింక్, డేటా పీసీకి చేరిందని కళ్ళతో చూడడం, ఆ తర్వాతే డిలీట్. అయిదూ అలా లాగేసరికి మాకు ఒంటిగంట అయింది.

తప్పు ఎక్కడుందో పట్టుకోవడానికి మర్నాడు పది నిమిషాలు పట్టింది. తేదీల ఫైలుని మొదటి సెగ్మెంట్‌కి తెచ్చేశాం. పైలట్‌మెయిన్, గ్లోబల్స్ లేకుండా వచ్చే లాంచ్ కోడ్లు, అవి పిలిచేవి, వాళ్ళు మళ్ళీ పిలిచేవి, చివరిదాకా, అన్నీ మొదటి వాటాలోనే ఉండాలి. చెప్పడానికి ఒక్క వాక్యం. మేం కత్తెర పట్టుకున్నప్పుడు అడిగిన ప్రశ్న "ఎవరు ఎవర్ని పిలుస్తారు, ఎన్నిసార్లు" అని. మేం అడగాల్సింది "ఎవరొచ్చి లేపుతారు, అప్పటికి ఇంట్లో ఏం సిద్ధంగా ఉంటుంది" అని. ఏడాదికి ఒక్కసారి నడిచే గీత, రోజుకి వెయ్యిసార్లు నడిచే గీత కంటే బలమైనది కావచ్చు. ఎర్ర పెన్ను గీతల్లో రెండూ ఒకేలా కనబడతాయి.

అన్న అంతటితో వదల్లేదు. "ఒక పాము కనబడిందంటే పుట్టలో ఇంకోటుంటుంది, వెతకండి" అన్నాడు. ఉంది. ఫైండ్ కోడ్‌లో. వస్తువు పేరు పోల్చే ఫంక్షన్ రెండో సెగ్మెంట్‌లో ఉంది. మరి ఫైండ్‌ని మేం టెస్ట్ చేశామే! చేశాం, మా యాప్ తెరిచి, అందులోంచి నొక్కి చూశాం. మన యాప్ తెర మీద ఉన్నప్పుడు ఫైండ్ నొక్కితే, సిస్టమ్ మనల్నే సబ్‌కాల్‌గా పిలుస్తుంది, మన గ్లోబల్స్ అలాగే ఉంటాయి. పని చేస్తుంది. అడ్రస్ బుక్ తెరిచి అక్కడ్నుంచి నొక్కితే పడిపోతుంది. ఎవరి యాప్‌ని వాళ్ళు టెస్ట్ చేసేటప్పుడు వాళ్ళ యాప్‌లోనే కూర్చుంటారు కదా, అదీ తిరకాసు. పీసీ మీద పామ్‌లా నడిచే ఎమ్యులేటర్‌లో గ్రెమ్లిన్స్ అని ఉండేది, కోతిలా తెరంతా ఎడాపెడా నొక్కుతూ పోతుంది. మేం దాన్ని కూడా మా ఒక్క యాప్‌లోనే వదిలాం. ఆ రోజు నుంచి మా టెస్ట్ కాగితంలో మొదటి వరస ఇది: క్యాలిక్యులేటర్ తెరిచి పెట్టు, తర్వాతే మన యాప్ సంగతి చూడు.

ఇదంతా ముసలాయన పాత ముచ్చట్లు అనుకుంటున్నారా? 2002లో పామ్ ఓఎస్ 5తో చిప్ ఏఆర్ఎమ్‌కి మారింది. పాత యాప్‌లన్నీ 68కె ఎమ్యులేషన్‌లో నడిచాయి, పలుపు తాడుతో సహా. ఆ తర్వాత పామ్ పోయింది, మేమంతా ఆండ్రాయిడ్‌కి వచ్చాం. హమ్మయ్య అనుకున్నాం.

2014 ప్రాంతంలో ఒకరోజు బిల్డ్ కొడితే మెథడ్ల సంఖ్య 65,536 దాటిందని ఆగిపోయింది. నాకు నవ్వొచ్చింది. పక్కనున్న కుర్రాడు "ఏంటి సార్, ఎర్రర్ వస్తే నవ్వుతున్నారు" అన్నాడు. ఆండ్రాయిడ్ యాప్ కోడ్ ఉండే డెక్స్ ఫైల్లో మెథడ్‌ని పిలిచే ఇన్‌స్ట్రక్షన్‌లో మెథడ్ నంబరుకి ఉన్న చోటు 16 బిట్లు. అదే తాడు. ఈసారి కొలిచేది బైట్లు కాదు, మెథడ్లు. మందు కూడా అదే, మల్టీడెక్స్. విడగొట్టు. ఆండ్రాయిడ్ 5.0 కంటే ముందు, యాప్‌లని నడిపే డాల్విక్‌లో మొదట తెరుచుకునేది మొదటి డెక్స్ ఒక్కటే, మిగతావాటిని మన యాప్ లేచాక మల్టీడెక్స్ లైబ్రరీ తెస్తుంది. దానికంటే ముందే ఏదైనా క్లాస్ కావాల్సొచ్చి, అది రెండో డెక్స్‌లో ఉంటే? నో క్లాస్ డెఫ్ ఫౌండ్. తెర కూడా రాకుండానే యాప్ పడిపోతుంది. బిల్డ్ టూల్ పాపం మ్యానిఫెస్ట్ చూసి ఏవేవి మొదటి దాంట్లో ఉండాలో తనే వెతుక్కునేది, రిఫ్లెక్షన్‌తో, అంటే నడుస్తున్నప్పుడు పేరుతో వెతికి పిలిచేవి మాత్రం దాని కంటికి ఆనేవి కావు. కుర్రాడు రెండు రోజులు తలపట్టుకున్నాడు. నేను "రిఫ్లెక్షన్‌తో పిలిచేవి చూశావా, యాప్ లేవకముందే ఎవరైనా వాటిని లేపుతున్నారేమో" అన్నాను. నన్ను జ్యోతిష్కుణ్ణి చూసినట్టు చూశాడు. పేపర్ క్లిప్ సంగతి వాడికి చెప్పలేదు, ఇవాళ ఇక్కడ ఉన్నాడు, ఇప్పుడు తెలిసింది. (చప్పట్లు)

దీవులు కూడా పోలేదు. మీ జేబులో ఉన్న 64-బిట్ ఏఆర్ఎమ్ చిప్‌లో నేరుగా పిలిచే ఇన్‌స్ట్రక్షన్ అటూ ఇటూ 128 మెగాబైట్లు అందుకుంటుంది. అంతకంటే దూరమైతే లింకర్ తనంతట తనే మధ్యలో రావులపాలెం కట్టేస్తుంది. మేం చేత్తో కట్టాం, అంతే తేడా.

ప్రశ్నలకి పది నిమిషాలున్నాయంటున్నారు. ఈలోగా ఈ పామ్‌ని మొదటి వరస నుంచి పంపిస్తున్నాను, అందరూ చూడండి. బ్యాటరీలు పొద్దున్నే కొత్తవి వేశాను. లోపల మా యాప్ ఉంది, కావాలనే ఆ పాడైన వెర్షనే వేసుకొచ్చాను. పేపర్ క్లిప్ ఇదిగో, దారంతో కట్టే ఉంది. గుచ్చాలనిపిస్తే గుచ్చండి. పై బటన్ పట్టుకోకుండా గుచ్చినవాళ్ళు మాత్రం, పక్కవాళ్ళకి ఇచ్చే ముందు దాన్ని బాగుచేసి ఇవ్వాలి. డేటా పోకుండా.